గంట మోగితే కదలొద్దు

మొన్న మనవరాలి బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి హైదరాబాదు వెళ్ళాను. పైకప్పున్న పెద్ద హాలు, చెక్క నేల, పట్టపగలే ఎక్కడ చూసినా దీపాలు. రింగు కింద ఒక కుర్రాడు కెమెరా పట్టుకుని బోర్లా పడుకున్నాడు. పిల్లలు మీదమీదికి ఉరికి వస్తున్నా ఉలకడు, పలకడు. ఆట మీద ఉండాల్సిన నా ధ్యాసంతా వాడి మీదికి పోయింది. ఫోటోలు తీసే మనిషి ఇంత కుదురుగా ఎలా ఉంటాడని లోపల ఒకటే చికాకు.

మధ్యలో విరామం ఇచ్చినప్పుడు వాడు మా వరుసలోకి వచ్చి కూర్చుని, కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో బొమ్మలు చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఊరుకుంటానా, మెడ చాచి చూశాను. ఒక పిల్ల గాల్లో ఆగిపోయి ఉంది. ముక్కు మీద చెమట చుక్క కూడా కనిపిస్తోంది. దాని తర్వాతి దాంట్లో మా మనవరాలు బంతి తీసుకుని పోతోంది గానీ, మొహం లేదు, కాళ్ళు లేవు. నీలం చొక్కా ఒక్కటే పొగలా సాగి ఉంది.

"కదిలింది అవ్వా, ఇది పనికిరాదు," అన్నాడు.

"జర ఆగు బిడ్డా," అన్నాను. అప్పటికే వేలు పడింది, బొమ్మ పోయింది.

ఇంటికి వచ్చాక కూడా మనసు ఒకచోట నిలవలేదు. నా పాత పెట్టె తీశాను, మూశాను, మళ్ళీ తీశాను. ఏం పోయింది అవ్వా, ఏం వెతుకుతున్నావని పిల్లలు అడిగారు. తస్వీరమ్మ గుర్తొచ్చిందంటే వాళ్ళకేం తెలుస్తుంది? ఏమీ లేదులే అన్నాను.

తస్వీర్ అంటే ఫోటో, అవి తీసేది కనుక తస్వీరమ్మ అనేది నల్లగొండలో మా బడి పిల్లలం పెట్టిన పేరు. అసలు పేరు ఎవరమూ అడగలేదు. అడిగినా నిలబడి చెప్పేంత తీరిక ఆమెకు లేదు. నిజాం రాజ్యం చివరి రోజులవి. మహబూబ్‌నగర్ వైపు నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చేది. పట్నంలో పర్దా ఆడవాళ్ళ ఫోటోలు తీసే చోట పని నేర్చుకుందని కొందరనేవారు. చచ్చిపోయిన మొగుడి కెమెరా అని కొందరు, బతికున్న మొగుడి కెమెరా ఎత్తుకొచ్చిందని కొందరు. ఒకసారి మా డ్రిల్లు టీచరమ్మ ధైర్యం చేసి అడిగేసింది కూడా.

"అన్నీ నిజమే అనుకోన్రి," అంది తస్వీరమ్మ. "మీకేది బాగనిపిస్తే గది."

పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగు వాళ్ళది. కెమెరా పెట్టె తన భుజం మీదే మోసుకునేది, మూడు కాళ్ళ కొయ్య చంకలో. హమాలీకి ఎందుకివ్వవంటే వాడు తీరిగ్గా నడిచి వస్తాడనేది. కిర్రు చెప్పుల చప్పుడు సందు మలుపులో వినిపించిందంటే ఆమె గుమ్మంలోకి వచ్చేసినట్టే లెక్క. మందుల్లో ముంచి ముంచి కుడిచేతి గోళ్ళు నల్లబడి ఉండేవి. చింతపండు పెట్టి తోమినా, బూడిద పెట్టి తోమినా ఆ నలుపు వదిలేది కాదు. ఎవరింట్లోనైనా మంచినీళ్ళు ఇస్తే, గ్లాసు అందుకునేటప్పుడు వేళ్ళు లోపలికి ముడుచుకునేది. ఎవరితోనూ మొహమాటం లేని మనిషి ఆ ఒక్క సంగతిలో ఎందుకు సిగ్గుపడేదో నాకు అంతుపట్టేది కాదు.

ఆమె నోట ఎక్కువ వినిపించే మాట "కదలకు". ఫోటో తీసేటప్పుడే కాదు, ఎప్పుడూ అదే. తల్లి చంకలో ఏడ్చే పిల్లను కదలకు అనేది. దారికి అడ్డంగా వచ్చిన మేకను కదలకు అనేది. తహసీలు కచేరీలో పెద్ద ఉద్యోగి భార్యను పట్టుకుని, "ఊపిరి గూడ తియ్యకు తల్లీ, నగలు ఊగుతున్నయి" అందట. ఆవిడ ఊపిరి బిగబట్టి బిగబట్టి చివరికి పొలమారిందట. ఇంతా చేసి తాను మాత్రం ఒక్క క్షణం కదలకుండా ఉండేది కాదు. నల్ల గుడ్డ కింద తలపెట్టి ఉన్నప్పుడు కూడా కింద మడమ తాళం వేస్తూనే ఉండేది. గుడ్డ బయటికి వచ్చి కొయ్య జరిపేది, మళ్ళీ లోపలికి దూరేది, మళ్ళీ బయటికి వచ్చి ఎవరి కొంగో సర్దేది. మాకు నవ్వు ఆగేది కాదు.

"మూతి గట్ల బిగవట్టినవేంది ఏస్తేరు? పుల్ల చింతకాయ తిన్నవా?" అని నన్ను అనేది. ఏస్తేరు నా పేరు. మా నాయిన మిషన్ దవాఖానలో వంట చేసేవాడు, అందుకని ఆ మిషన్ వాళ్ళ బడిలో నాకు చోటు దొరికింది.

ఎవరింటికి వెళ్ళినా కూర్చునేది కాదు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. చాప పరిచినా, కుర్చీ వేసినా, చెయ్యి పట్టి లాగినా ఒకటే మాట.

"కూసుంటే వెలుతురు వోతది."

చాయ్ ఇస్తే నిలబడే తాగేది, అదీ సగం. మిగతా సగం గ్లాసులో అట్లాగే వదిలేసి ఏ కిటికీ దగ్గరికో నడిచేది. ఆమె వచ్చి వెళ్ళిన ఇంట్లో గూట్లోనో గడప పక్కనో ఈగలు ముసిరిన సగం గ్లాసు చాయ్ ఉండి తీరేది. మా అమ్మకు ఇది చూస్తే ఒళ్ళు మండేది. "పాలు దొరకని కాలంల గిదేం బుద్ధి," అని ఆ గ్లాసు ఎత్తి పారబోసేది. అలా అంటూనే ఆమె వస్తే మళ్ళీ గ్లాసు నిండా పోసేది.

పర్దా ఇళ్ళలో ఆమెకు గుమ్మాలు తెరుచుకోవడానికి కారణం ఆమె ఆడమనిషి కావడం ఒక్కటే కాదు. ఆమె పెట్టుకున్న కట్టడి ఒకటుంది. ఆ రోజుల్లో ఫోటో గాజు పలక మీద పడేది. పలక ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు ఎన్ని ఫోటోలైనా అచ్చు వేసుకోవచ్చు. అడిగినన్ని ఫోటోలు ఇచ్చాక తస్వీరమ్మ ఆ పలకను కూడా ఇంటి ఆడవాళ్ళ చేతిలో పెట్టేసేది. మీ తస్వీర్ మీ ఇంట్లనే ఉంటది, ఇంకొకటి పుట్టదు అని చెప్పి వచ్చేది. పట్నంలో పెద్ద పెద్ద ఫోటో దుకాణాల మొగవాళ్ళకు లేని నమ్మకం ఈ కిర్రు చెప్పుల మనిషికి దొరకడం దానివల్లే.

ఇక మా ఆట సంగతి. బడి నడిపే దొరసానికి బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. ఆడపిల్లలు ఉరకాలి, ఎగరాలి అనేది. బడి ఆవరణలో ఆడితే రోడ్డు మీద పోయేవాళ్ళు ప్రహరీ ఎక్కి చూస్తారు, చూశారని తెలిస్తే సగం మంది పిల్లలు రేపటి నుంచి రారు. అందుకని దొరసాని ఒక సేటును అడిగి, పక్కనున్న పల్లికాయ గోదాము వానాకాలం నాలుగు నెలలూ తీసుకుంది. కొత్త పంట వచ్చేదాకా అది ఖాళీయే. బండలు పరిచిన నేల, రేకుల కప్పు, మధ్యలో కొయ్య స్తంభాలు. నూనె పీపాకు బిగించే ఇనుప కట్టును ఒక కమ్మరి వంచి ఇస్తే అది రింగు. మూలల్లో పల్లి పొట్టు ఎంత ఊడ్చినా మిగిలేది, వట్టి కాళ్ళతో ఉరికితే జారేది. తలుపు వేసి గొళ్ళెం పెట్టి ఆడేవాళ్ళం. లంగాలు ఎగదోపిన వాళ్ళు లంగాలతో, సల్వార్ల వాళ్ళు సల్వార్లతో. ఆ తలుపు మూసిన తర్వాత మా అంత అల్లరి ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండేది కాదేమో.

దొరసాని తమ దేశంలో చందాలు ఇచ్చేవాళ్ళకు మా ఆట ఫోటోలు పంపాలనుకుంది. అలా వచ్చింది తస్వీరమ్మ గోదాములోకి. వచ్చీ రాగానే రేకుల కప్పు వంక చూసి ఒక మాట అంది.

"గిది తస్వీర్ దీసే జాగానా, బియ్యం దాసే జాగానా?"

గోదాములో వెలుతురు ఎక్కడా ఉండేది కాదు. గోడ మీద ఎత్తున ఉన్న వెంటిలేటర్ల నుంచి పొద్దున కాసేపు ఒక చాపంత ఎండ నేల మీద పడి, రింగు కిందుగా జరిగి, స్తంభం ఎక్కి పోయేది. ఆ ఎండ వెంట ఈమె కొయ్య ఈడ్చుకుంటూ తిరిగేది. అంత తక్కువ వెలుతురులో ఆ పలకలకు పని జరగాలంటే కెమెరా కంటి మీది మూత తీసి ఏక్, దో అనుకుని మూయాలి. ఆ రెండు మాటల మధ్య ఎవరు కదిలినా చెరిగిపోతారు. ఉరికే పిల్లల్ని ఎట్లా తీయాలి? డ్రిల్లు టీచరమ్మా, ఈమె కలిసి ఒక పద్ధతి పెట్టారు. ఈల మోగితే ఆటలో తప్పు జరిగినట్టు. గంట మోగితే ఫోటో. గంట మోగగానే ఎవరు ఎక్కడ ఎట్లా ఉంటే అట్లాగే ఆగిపోవాలి. చెయ్యి పైకి ఉంటే పైకే, కాలు ఎత్తి ఉంటే ఎత్తే. మళ్ళీ గంట మోగాకే ఆట.

మొదట్లో భలే సరదాగా ఉండేది. తర్వాత పోట్లాటలు మొదలయ్యాయి. గంట మోగినప్పుడు బంతి నా చేతిలో ఉంది, కాదు నా చేతిలో ఉంది అని జుట్లు పట్టుకునేవాళ్ళం. బంతి గాల్లో ఉన్నప్పుడు గంట మోగితే ఇంకా తమాషా, మేమంతా ఆగినా అది ఆగదు కదా. ఒకసారి దొరసాని సలహా మీద పై దూలానికి తాడు కట్టి బంతిని రింగు పక్కన వేలాడదీసి, దాని కింద మమ్మల్ని చేతులు చాచి నిలబెట్టారు. తయారైన ఫోటో చూసి దొరసాని మురిసిపోయింది. తస్వీరమ్మ ముఖం తిప్పుకుంది.

"గది బంతా, పందిట్ల సొరకాయనా?" అని గొణిగింది. "ఆట ఎటు వోయింది గిందుల? మీరంత దొంగలు దొరికినట్టు నిలబడ్డరు."

ఊరంతటినీ కదలొద్దని బతిమాలే మనిషి, కదలని మా ఫోటోలు చూసి అలా చికాకు పడేది. అది అర్థమయ్యే వయసు కాదు మాది. ఏం తీసినా ఈమెకు నచ్చదు అనుకునేవాళ్ళం.

మా జట్టులో అందరికంటే బాగా ఆడేది మెహర్. తహసీలు కచేరీలో గుమాస్తా కూతురు. నా పక్కన కూర్చునేది, నా ప్రాణం. ఎడమచేతి వాటం. బంతి దాని ఎడమ చేతిలోకి వెళ్ళిందంటే ఎదుటి పిల్లలకు ఎటు అడ్డం నిలబడాలో తోచేది కాదు. వాళ్ళది గట్టి పర్దా ఉన్న ఇల్లు. తలుపు మూసి ఆడతారన్న మాట మీద వాళ్ళ అమ్మీ ఒప్పుకుంది. ఫోటోల సంగతి వచ్చేసరికి మాత్రం ససేమిరా అంది. దేశం కాని దేశంలో ఎవరో మొగవాళ్ళు నా బిడ్డ ముఖం చూస్తారా అని డ్రిల్లు టీచరమ్మను నిలదీసిందట. అప్పుడు తస్వీరమ్మ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, కెమెరా పెట్టె మీద చెయ్యి పెట్టి చెప్పింది.

"మీ బిడ్డ మొకం నా పెట్టెలకు రాదు. వస్తే గీ పెట్టె మళ్ళ ముట్ట."

దాంతో గంట మోగినప్పుడల్లా మేమంతా బొమ్మల్లా ఆగేవాళ్ళం, మెహర్ ఒక్కతే బంతి కింద పడేసి స్తంభం చాటుకు ఉరికేది. అది చాటుకు వెళ్ళిందని చూసుకున్నాకే తస్వీరమ్మ మూత తీసేది. ఆ ఫోటోలన్నిట్లోనూ మధ్యలో ఒక ఖాళీ. ఇద్దరు ముగ్గురు పిల్లలు చేతులు చాచి ఎవరూ లేని చోటుకు అడ్డం నిలబడి ఉంటారు. అందరి కళ్ళూ ఏమీ లేని దగ్గరికే. దొరసానికి అది కనపడలేదు. తస్వీరమ్మకు అది తప్ప ఇంకేదీ కనపడేది కాదు.

"గీ కంత జూస్తే నాకు బువ్వ వోతలేదు," అనేది, నల్లటి గోరుతో ఆ ఖాళీ మీద గీస్తూ.

తర్వాత్తర్వాత రజాకార్ల గొడవలు ముదిరాయి, బడి మూతపడింది, గోదాములో మిలిటరీ వాళ్ళ బియ్యం బస్తాలు పడ్డాయి. తస్వీరమ్మ ఎటు పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రాయచూరులో చూశామని ఒకరు, మహబూబ్‌నగర్‌లోనే పోయిందని ఒకరు. దేన్నీ నేను నమ్మలేదు, దేన్నీ కాదనలేదు. అవన్నీ అటుంచి, మెహర్ వెళ్ళిపోయే ముందు జరిగిన మ్యాచ్ సంగతి చెప్పాలి.

మెహర్ వాళ్ళ నాయనకు గుల్బర్గాకు బదిలీ అయింది. ఈ మాట అది నాకు చెప్పిన రోజు ఇద్దరం గోదాము వెనక కూర్చుని ఏడ్చాం. అది వెళ్ళిపోతే నా దగ్గర ఏం మిగులుతుంది? నాకు దాని ఫోటో ఒకటి కావాలి. ఇద్దరం కలిసి ఉన్నది. అంతకంటే ఎక్కువగా నేను దేన్నీ కోరుకోలేదు ఆ వయసులో. తస్వీరమ్మ వచ్చినప్పుడు వెంటపడ్డాను.

"ఒక్కటే తియ్యి తస్వీరమ్మా. ఎవలకూ చూపియ్య. మా పెట్టెల అడుగున పెట్టుకుంట."

"మాటిచ్చిన," అంది ఆగకుండా నడుస్తూ.

"ఎవలకు ఎరుకైతది?"

అప్పుడు ఆగింది. ఆమె ఆగడం చూసే నాకు భయం వేసింది.

"ఏస్తేరు, గా పిల్ల తస్వీర్ బయటికి వోయిందని ఒక్క మాట పుట్టిందనుకో. పర్దా ఇండ్ల పిల్లలందరు తెల్లారి బడికి రారు. మీ ఆట బందు. గీ జిల్లాల, గా జిల్లాల నాకు ఏ ఇంటి తలుపు తియ్యరు. నేనేం జేసి బతకాలె? ఇంకేదన్న అడుగు, ఇస్త."

నాకు ఇంకేమీ అక్కర్లేదు. మూతి ముడుచుకుని వెళ్ళిపోయాను. రెండు మూడు రోజులు ఆమె ఎదురుపడితే మాట్లాడలేదు. ఆమెకు అది పట్టినట్టు కూడా లేదు, ఎప్పట్లాగే తిరుగుతూనే ఉంది.

మహబూబ్‌నగర్ బడి పిల్లలతో మ్యాచ్. వాళ్ళు ముందు రోజే బస్సులో తడిసి ముద్దయి వచ్చారు. ఆ పొద్దున కూడా వాన. రేకుల మీద వాన పడుతుంటే డ్రిల్లు టీచరమ్మ ఈల మాకు వినపడదు, మా అరుపులు ఒకరికొకరికి వినపడవు. వెంటిలేటర్లలోంచి వెలుతురు లేదు. తస్వీరమ్మ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. తలుపు సందు తెరిచి మొగులు పట్టిన ఆకాశం వంక చూస్తుంది, వచ్చి గుడ్డలో తల పెడుతుంది, మళ్ళీ తలుపు దగ్గరికి ఉరుకుతుంది. ఫోటో లేకుండానే ఆట అయిపోయేలా ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలు జోరు మీద ఉన్నారు. పైగా మా గంట సంగతి కనిపెట్టేశారు. అంతకు ముందు ఒకసారి, వెలుతురు రాలేదని తెలిసి కూడా దొరసాని తొందరపడి గంట మోగిస్తే, మెహర్ అలవాటుగా బంతి కింద పడేసి పరిగెత్తింది. రెండో గంట మోగీ మోగగానే ఆ బంతి వాళ్ళు దొరకబుచ్చుకున్నారు. మెహర్ పళ్ళు కొరుకుతూ నా పక్కన నిలబడింది.

"ఈసారి బంతి వాళ్ళ కోసం ఇడువ," అంది.

వాన సన్నగిల్లింది. తలుపు దగ్గరి నుంచి తస్వీరమ్మ గొంతు వినపడింది. "మొగులు విచ్చుతాంది." అంటూనే కొయ్య దగ్గరికి వచ్చి పడింది. వెంటిలేటర్లలోంచి ఎండ దబ్బున రింగు కింద పడింది. బంతి మెహర్ ఎడమ చేతిలో ఉంది. గంట మోగింది.

మేమంతా ఆగాం. నా రెండు చేతులూ పైకి ఉన్నాయి, ఒక కాలు మడమ మీద. మెహర్ బంతి పడేయలేదు. దాన్ని ఎడమ చేతిలోనే ఇరికించుకుని, ఆగిపోయిన మా మధ్యలోంచి, నా మోచేతి కింద నుంచి దూరి స్తంభం వైపు దూసుకుపోయింది. అది ఇంకా ఎండలోనే ఉంది. నేను కళ్ళు మాత్రం తిప్పి కెమెరా వైపు చూశాను. మూత తస్వీరమ్మ చేతిలో ఉంది.

మెహర్ స్తంభం చాటుకు చేరేసరికి మూత మళ్ళీ పెట్టేసింది. ఎండ పోయింది. రెండో గంట వెంటనే మోగలేదు. ఏమైందని డ్రిల్లు టీచరమ్మ అడిగితే తస్వీరమ్మ తన చెయ్యిని తానే చూసుకుంటూ ఒకటే అంది.

"చెయ్యి ఆగలె."

ఆగితే ఎండ పోయేది, నిజమే. అందుకే ఆగలేదా, ఆ ఖాళీ చూసీ చూసీ ఆగలేకపోయిందా, నా మాట ఏదన్నా లోపల మెదిలిందా, ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ మ్యాచ్ మేం గెలిచామో ఓడామో కూడా నాకిప్పుడు గుర్తు లేదు.

మర్నాడు మధ్యాహ్నం బడి తలుపు దగ్గర నన్ను పట్టుకుంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"మెహర్ ఇంటికి పా. నువ్వు గూడ ఉంటె మంచిది. మాట తప్పిన సంగతి నేను జెప్పాలె, ఇంకెవలో చెప్పకముందే."

"మొకం వచ్చిందా?" అన్నాను. రావాలని ఉందో రాకూడదని ఉందో నాకే తెలియలేదు.

ఆమె అప్పటికే కదిలింది. బజారు గుండా ఎంత జోరుగా నడిచిందంటే, నేను వెనక నుంచి పరిగెత్తాల్సి వచ్చింది. సంచిలో పలకను గుడ్డ చుట్టి ఛాతీకి ఆనించుకుంది, దాని మీద ఫోటో. దారిలో ఎవరో పలకరిస్తే విననట్టే పోయింది.

మెహర్ వాళ్ళింట్లో సామాన్లు సర్దుతున్నారు. గోనెపట్టా పర్దా తోసుకుని లోపలికి వెళ్తే వాకిట్లో ట్రంకు పెట్టెలు తెరిచి ఉన్నాయి. మెహర్ బట్టలు మడత పెడుతోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. వాళ్ళ అమ్మీ పొడుగ్గా, సన్నగా, నుదుటి మీద చెమటతో వచ్చింది. కూర్చోమంది. తస్వీరమ్మ కూర్చోలేదు.

"అమ్మీ, నేను మాట తప్పిన," అంది. "నిన్న మీ బిడ్డ చాటుకు వోకముందే మూత దీసిన. ఇగో తస్వీర్, ఇగో పలక. ఇంకొకటి లేదు. మీ చేతులతోనే పలగ్గొట్టున్రి. నన్ను ఏమన్న అనున్రి. ఆ పిల్లలను మాత్రం ఏమనకున్రి, వాళ్ళకు ఎరుకలేదు."

మెహర్ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. వాళ్ళ అమ్మీ ఫోటో అందుకుని వాకిటి మధ్యకు, వెలుతురులోకి నడిచింది. తస్వీరమ్మ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. కిర్రు, కిర్రు. ఆ చప్పుడు నాకు భరించరానిదిగా అనిపించింది.

"గీ చేతులు లేపిన పిల్ల ఎవరు?" అంది అమ్మీ.

"నేనే అమ్మీ," అన్నాను దగ్గరికి వెళ్ళి. అప్పుడు చూశాను ఫోటోను. పిల్లలందరి ముఖాలూ స్పష్టంగా, రాతిలో చెక్కినట్టు ఉన్నాయి. పైకెత్తిన చేతులు, తెరిచిన నోళ్ళు, ఎగదోపిన లంగాల కుచ్చెళ్ళు అన్నీ. ఎప్పుడూ ఖాళీగా ఉండే చోట, నా మోచేతి కింద నుంచి స్తంభం దాకా, ఒక తెల్లటి పొగ సాగి ఉంది. దాని ముందు కొసన గుండ్రంగా ఒక నల్లటి మరక.

"గిదేంది?" అంది అమ్మీ.

తస్వీరమ్మ అంది. "మీ బిడ్డ."

"మొకం ఏది?"

"రాలె."

"నువ్వు తుడిచినవా?"

"తుడవలె. గింత జోరుగ ఉరుకుతుంటె మొకం నా పెట్టెకు అందలె."

అమ్మీ ఫోటోను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుంది, దూరంగా పెట్టుకుంది. నల్లటి మరక మీద వేలు పెట్టింది.

"బంతి ఎడమ చేతిల వట్టింది," అంది మెల్లగా. "చిన్నప్పుడు గా చెయ్యి మీద ఎన్ని దెబ్బలు కొట్టిన. మాన్పియ్యలేకపోయిన." తలెత్తి మెహర్ వైపు చూసింది. "గింత జోరుగ ఉరుకుతవా నువ్వు?"

మెహర్ తలొంచుకుంది. తల్లి దాన్ని ఈ నాలుగు గోడల మధ్యే పెద్దదాన్ని చేసింది. పరిగెత్తగా ఎప్పుడు చూసి ఉంటుంది?

"దీన్ని చూసి నా బిడ్డ అని ఎవరూ గుర్తువట్టరు," అంది ఆమె, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "నాకు తప్ప ఎవరికీ ఎరుకగాదు." ఇంకాసేపు చూసింది. ఆమె పెదవులు కదిలాయి. "పిల్లలందరు నిలబడ్డరు. నా బిడ్డ ఒక్కతే ఆడుతాంది."

కిర్రు చప్పుడు ఆగిపోయింది.

ఆమె పలకను తస్వీరమ్మ చేతిలోంచి తీసుకుంది. పగలగొట్టలేదు. ట్రంకు పెట్టెలో బట్టల మధ్య, మెహర్ చిన్నప్పటి శాలువా మడతలో పెట్టింది.

"నాకు పలక చాలు. చూడబుద్ధయితె వెలుతురుకు పట్టుకొని చూసుకుంట," అంది. ఫోటోను నా చేతిలో పెట్టింది. "గిది నువ్వు ఉంచుకో బేటీ." లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి తస్వీరమ్మ ముందు పట్టుకుంది. "కూసో," అంది.

కూర్చుంటే వెలుతురు పోతుందని తస్వీరమ్మ అనబోతుందని ఎదురుచూశాను. వాకిట్లో ఎండ అప్పటికే గోడ ఎక్కుతోంది. తస్వీరమ్మ భుజం మీది సంచి కిందికి దించింది. తెరిచి ఉన్న ట్రంకు పెట్టె పక్కన, ఆ తల్లి పాదాల దగ్గర, నేల మీద చతికిలబడింది. వేళ్ళు ముడుచుకోకుండా, ఆ నల్లటి గోళ్ళతోనే గ్లాసు అందుకుని, చాయ్ అయిపోయేదాకా కూర్చుని తాగింది.